గుర్తులాయన ఇంటి ఆఫ్రికా చేపలు

బస్సు డిపోలో టికెట్ల కిటికీలు దాటాక, మంచినీళ్ల కుళాయి పక్కన ఒక చిన్న కౌంటరు ఉంది. జనం బస్సుల్లో మరిచిపోయిన వస్తువులన్నీ అక్కడికి చేరతాయి. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, కళ్లజోళ్లు, ఒంటి చెప్పులు, ఒకసారి కుక్కరు మూత, ఇంకోసారి చక్రాల కుర్చీ. చక్రాల కుర్చీ బస్సులో వదిలేసి ఆ మనిషి ఎలా దిగి వెళ్లాడన్నది డిపోలో ఇప్పటికీ తేలని విషయం.

ఆ కౌంటరులో ఏళ్ల తరబడి కూర్చున్న మనిషిని కండక్టర్లు గుర్తులాయన అంటారు. వస్తువు పోయిందని ఎవరు వచ్చినా ఆయన నోటివెంట వచ్చే మొదటి మాట, "గుర్తులు చెప్పండి." నల్ల గొడుగు అంటే చాలదు. పిడి వంకరదా తిన్ననిదా, ఎన్ని ఊచలు, గుడ్డ ఎక్కడ చిరిగింది, ఇవన్నీ కావాలి. బయట వాన దంచుతుంటే, వెనక అరలో తన గొడుగు కళ్లెదుటే కనబడుతుంటే, తడిసి ముద్దయిన మనిషి ఊచలు లెక్క తప్పి వట్టి చేతుల్తో వెళ్లిపోయిన సందర్భాలున్నాయి. ఒకావిడ తన టిఫిన్ డబ్బాలో ఏం కూర ఉందో చెప్పింది కానీ, మూత మీద సొట్ట ఎటువైపు ఉందో చెప్పలేకపోయింది. డబ్బా అరలోనే ఉండిపోయింది. రెండు రోజులు పోయాక, మూత తీయకుండానే ఆవిడ చెప్పిన కూర నిజమేనని డిపో అంతా ఒప్పుకుంది. గుర్తులాయన మాత్రం, సొట్ట సంగతి తేలలేదు కదా అన్నాడు.

ఆయన ఉండే మేడలో కింది అంతస్తు పళ్ల డాక్టరుది. ఆ డాక్టరు ఒకసారి బాగుచేయించి తెస్తున్న కట్టుడు పళ్ల సంచి బస్సులో మరిచిపోయాడు. గుర్తులాయన ఆయన్ని రోజూ మెట్ల మీద పలకరించే మనిషే. అయినా సరే సెట్లన్నీ బల్ల మీద వరసగా పేర్చి, ఇది ఎవరిది, పైదా కిందిదా, ఎటువైపు అరిగింది అని ఒక్కొక్కటీ అడిగాడు. వెనక వరసలో నిలబడ్డ ప్రయాణికులు సరదాగా చూశారు. డాక్టరు అన్నిటికీ ఓపిగ్గా జవాబులు చెప్పి, సంతకాలు పెట్టి, సంచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. పల్లెత్తు మాట అనలేదు.

కొన్నాళ్లకు డాక్టరు క్లినిక్ మూసేసి ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాడు. వెళ్లేముందు, రోగులు కూర్చునే గదిలో ఉన్న చేపల తొట్టిని గుర్తులాయనకి ఇస్తానన్నాడు. ఇలాంటివి మీలాంటి నికార్సయిన మనిషి చేతిలో పెడితేనే నాకు నిశ్చింత అన్నాడు. ఆ మాటలో గౌరవం ఎంతో, కక్ష ఎంతో గుర్తులాయన తూచి చూడలేదు. మొత్తం గౌరవమే అనుకుని భుజం ఇచ్చి తొట్టిని పైకి మోయించాడు.

ఆయన భార్య పసిపిల్లల బడిలో టీచరు. మూడేళ్ల పిల్లలతో పొద్దస్తమానం అరిచి, సాయంత్రం కాస్త నిశ్శబ్దం కోసం ఇంటికి వస్తుంది. ఆ రోజు వచ్చేసరికి ముందు గదిలో తన కుట్టు మిషను ఉండాల్సిన చోట గాజు తొట్టి, అందులో రాళ్ల గుట్ట, గుట్ట చుట్టూ రంగురంగుల చేపలు ఒకదాన్నొకటి తరుముతూ కనిపించాయి. మిషను వంటింటి గుమ్మానికి అడ్డంగా ఉంది.

"మా బడిలో గోల చాలలేదనా?" అందావిడ.

కాసేపు చూసింది. నిజంగానే బడిలా ఉంది. పసుపు చేపని నీలం చేప తరుముతోంది, నీలం చేపని చారల చేప తరుముతోంది. అందరినీ ఒక పెద్ద నల్లచేప తరుముతోంది. దాని ఒంటి మీద లేత నీలపు గీత ఒకటి అధికారి బిళ్లలా మెరుస్తోంది. పంటినొప్పితో వచ్చిన వాళ్ల మనసు మళ్లించడానికి పెట్టిన చేపలట ఇవి. వాటి కొట్లాట చూశాక రోగులకి తమ నొప్పే నయమనిపించి ఉంటుంది. ఎన్ని ఉన్నాయో లెక్కపెడదామని మొగుడూ పెళ్లాలు చెరోవైపు కూర్చున్నారు. ఒక్కటీ నిలకడగా ఉండదు కాబట్టి ఆయన లెక్క ఆవిడ లెక్కతో కలవలేదు. ఆ రోజు మొదలు ఇంతవరకూ కలవలేదు.

కథ అక్కడితో ఆగిపోయేదే, ఎదురింటాయన రాకపోతే. ఆయన తొట్టి చుట్టూ తిరిగి, ఇవేం చేపలండీ అని అడిగాడు. గుర్తులాయన నోరు తెరిచి, మూసి, చేపలేనండీ అన్నాడు. చేపలన్న సంగతి కనబడుతూనే ఉందని ఎదురింటాయన మర్యాదగానే అన్నాడు. ఆయన వెళ్లాక గుర్తులాయన డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆఫ్రికావి, సిక్లిడ్లు అంటారు అన్నాడు డాక్టరు. సిక్లిడ్లలో ఏవి అని అడిగితే, రంగువి అని చెప్పి, ఎవరి నోరో తెరిచి ఉందంటూ ఫోన్ పెట్టేశాడు.

రంగువి. తన కౌంటరు దగ్గరికి వచ్చి ఎవరైనా నా సంచి రంగుది అని ఉంటే, గుర్తులాయన ఆ మనిషిని వరస చివరికి పంపేవాడు. ఇప్పుడు సొంత ఇంట్లో, సొంత ముందు గదిలో, ఆనవాలు లేని ప్రాణులు తిరుగుతున్నాయి. ఆయనకి అన్నం సహించలేదు.

ముందుగా సాయానికి వచ్చింది బావమరిది. భార్యకి తమ్ముడు, బజారులో ఫోన్ల దుకాణం నడుపుతాడు. చేతిలో ఎప్పుడూ ఫోనుంటుంది కాబట్టి ఆయనకి తెలియని విషయం ఉండదు. ఫొటో తీస్తే చాలు జంతువు పేరు చెప్పేసే యాప్ ఉంది బావా, క్షణంలో పని అన్నాడు. యాప్ మొదటి చేపని రామచిలుక అంది. రెండోదాన్ని, వెనక గోడ మీది దుప్పటి కూడా ఫొటోలో పడటం వల్ల కాబోలు, చారల పరుపు అంది. మూడోసారి గాజులో బావమరిది మొహమే పడింది. దానికి మాత్రం యాప్ ఏ తడబాటూ లేకుండా సముద్ర సింహం అని చెప్పింది. అక్క నవ్వింది. బావమరిది ఇది పాత వెర్షను అన్నాడు.

ఆ తర్వాత ఆయనే బావగారిని ఫోన్‌లో సిక్లిడ్ మిత్రుల గ్రూపులో చేర్పించాడు. వేల మంది ఉన్నారు అందులో. గుర్తులాయన ఒక సాయంత్రమంతా కష్టపడి పసుపు చేప ఫొటో తీసి, దయచేసి దీని పేరు తెలుపగలరు అని పెట్టాడు. ఒకాయన ఒక పేరు చెప్పాడు. ఇంకొకాయన, అది కాదు, అసలు ఆ పేరు చెప్పినవాడు జీవితంలో చేపని చూడలేదు అన్నాడు. మూడో ఆయన ఫొటో మసకగా ఉందన్నాడు. నాలుగో ఆయన ముందు నీటి కాఠిన్యం ఎంతో చెప్పమన్నాడు. అయిదో ఆయన అంత చిన్న తొట్టిలో అన్ని చేపలా, మీకు మనసెలా ఒప్పిందని నిలదీశాడు. ఒకావిడ దండం బొమ్మ పెట్టింది. ఇది తిట్టో దీవెనో తెలియక గుర్తులాయన తనూ దండం పెట్టాడు.

వారాలు గడిచేకొద్దీ గ్రూపులో రెండు పక్షాలు తేలాయి. ఒక పక్షం చేపని రంగుని బట్టి పోల్చాలంటుంది, రెండో పక్షం పళ్లని బట్టి పోల్చాలంటుంది. చేప నోరు తెరిచి పళ్లు చూడమని వాళ్లు సలహా ఇచ్చినప్పుడు గుర్తులాయనకి డాక్టరు గుర్తొచ్చాడు. తను రంగు పక్షంలో చేరిపోయాడు. చివరికి ఎక్కువమంది ఒప్పుకున్న పేర్లు ఏరి, డిపోలో పోయిన వస్తువులకి కట్టే చీటీల్లాంటివే తయారుచేసి, తొట్టి గాజు మీద వరసగా అంటించాడు. లాబిడోక్రోమిస్. మెలనోక్రోమిస్ ఆరాటస్. సూడోట్రోఫియస్ డెమసోని. పెద్ద నల్లచేప విషయంలో గ్రూపు తేల్చుకోలేకపోయింది కాబట్టి దాని చీటీ మీద 'విచారణలో ఉంది' అని రాశాడు.

చేపలు చీటీల వెనక నిలబడవు కదా. చీటీ ఒకచోట, చేప ఇంకోచోట. వచ్చిన వాళ్లు చీటీ చదివి ఎదురుగా ఏది ఈదుతుంటే దానికే ఆ పేరు అనుకునేవారు. ఆయన భార్యకి ఆ పేర్లు నోరు తిరగలేదు. ఆవిడ వాటిని కుదించుకుంది. చిటికె శబ్దానికే రాళ్ల వెనక్కి పరిగెత్తే పసుపు చేప లబోదిబో అయింది. చేయి తొట్టి దగ్గరికి రాకముందే నోరు తెరుచుకుని పైకొచ్చే పసుపు ఒంటి, నల్లచారల చేప ఆరాటం అయింది. వేలెడంత ఉండి కూడా అందరిమీదకీ వెళ్లే నీలిచారల చేప ధీమా. విచారణలో ఉన్నదాన్ని ఆవిడ హెడ్మాస్టరు అంది. ఆయనకి ఇది చులకనగా తోచింది. అవి శాస్త్రీయ నామాలు అని చెప్పాడు. నేనూ అవే అంటున్నాను కదా, కొంచెం ముద్దుగా అందావిడ.

హెడ్మాస్టరు ఆగడం రోజురోజుకీ ఎక్కువైంది. ధీమా తోక సగం పోయింది. ఒకరోజు లబోదిబో నీటిపైన మూలకి చేరి కదలకుండా ఉంటే, ఆవిడ ఇక ఊరుకోలేదు. తమ్ముణ్ణి పిలిచి, ఈ దుర్మార్గుణ్ణి మీ దుకాణానికి తీసుకుపో అంది. బావమరిది సంతోషంగా ఒప్పుకున్నాడు. దుకాణంలో అద్దాల బీరువా పక్కన చిన్న తొట్టి పెడితే అందంగా ఉంటుందని ఆయనకి ఎప్పట్నుంచో ఉంది. చేప బకెట్లో వెళ్లిపోయింది. మిగిలినవాటికి ప్రాణం లేచొచ్చింది.

ఆ వెంటనే డిపోలో ఏడాది సరుకు తనిఖీ మొదలైంది. గుర్తులాయన గొడుగుల మధ్య మునిగిపోయి, ఇంటికి వచ్చి తిని పడుకోవడమే తప్ప తొట్టి వైపు చూసే తీరిక లేకపోయింది. ఆ రోజుల్లోనే భార్య ఇచ్చిన తాళం చెవితో బావమరిది ఒక మధ్యాహ్నం వచ్చి ఫిల్టరు కడిగి వెళ్లాడు.

తనిఖీ ముగిసిన ఆదివారం గుర్తులాయన తీరిగ్గా కుర్చీ వేసుకుని తొట్టి ముందు కూర్చున్నాడు. ఆరాటం లేదు. రాళ్ల వెనక చూశాడు, పంపు కింద చూశాడు, లేదు. దాని బదులు రాళ్ల గుట్ట మీద నల్లచేప తిరుగుతోంది. లేత నీలపు గీత, అదే జబర్దస్తీ, అదే తరమడం. ఒక్కటే తేడా, ఇదివరకటి కన్నా కొంచెం చిన్నగా ఉంది.

ఆయన బుర్ర కౌంటరులో పనిచేసినట్టే పనిచేసింది. ఇంటి తాళం ఎవరి దగ్గర ఉంది, ఎవరు వచ్చారు, ఏం తెచ్చారు, ఏం పట్టుకెళ్లారు. మధ్యాహ్నం బావమరిది భోజనానికి వచ్చాడు. చెప్పులు విప్పకముందే ఆయన అడిగేశాడు.

"నా చారల చేప ఏదీ?"

"తొట్టిలోనే ఉంటుంది బావా. ఇంకెక్కడికి పోతుంది?"

"తొట్టిలో ఉన్నది నువ్వు తీసుకెళ్లిన నల్లది. దాన్ని ఇక్కడ వదిలేసి చారల దాన్ని పట్టుకుపోయావు. పైగా తిండి పెట్టక చిక్కిపోయేలా చేసి తెచ్చావు."

బావమరిది ముందు హాస్యం అనుకున్నాడు. నల్లది దుకాణంలోనే ఉంది, కావాలంటే వచ్చి చూసుకోమన్నాడు. చూస్తే ఏం తేలుతుంది, అది అదేనని గుర్తులేవి అని బావగారు అడిగేసరికి హాస్యం కాదని అర్థమైంది. అక్క వైపు చూశాడు. అక్క వంటింటి గుమ్మంలో, కుట్టు మిషను పక్కన గరిటెతో నిలబడి ఉంది.

బావమరిది జేబులోంచి తాళం చెవి తీసి మిషను మీద పెట్టాడు.

"అక్కా, తాళం ఇదిగో. బావ దగ్గర రసీదు రాయించుకో."

తినకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆవిడ మొగుడితో మాట్లాడటం మానలేదు. మానేస్తే ఆయనకి అర్థమయ్యేది. నీళ్లు కాగాయి, గ్యాసు అయిపోయింది, ఇస్త్రీ బట్టలు వచ్చాయి, ఇలాంటి మాటలే మాట్లాడింది. ఆయన నిజం నిరూపిస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నాడు. చారల చేప పాత ఫొటో ఒకటి, నల్లచేప కొత్త ఫొటో ఒకటి పట్టుకుని, డాక్టరుకి ఆ చేపలు అమ్మిన దుకాణం ఎక్కడో కనుక్కుని వెళ్లాడు. ఇవి రెండూ వేర్వేరు చేపలని దుకాణదారు ఒక కాగితం మీద రాసిస్తే చాలన్నది ఆయన ఆలోచన.

చేపల దుకాణదారు బనీను మీద ఉన్నాడు. తొట్టి కడుగుతూనే ఫొటోలు చూసి, రెండూ ఒకటే అన్నాడు.

"ఒకటి పసుపు, ఒకటి నలుపు. ఒకటెలా అవుతుంది?"

"పెద్ద మగదాన్ని తీసేశారా?"

తీసేశామన్నాడు గుర్తులాయన.

"అదన్నమాట. పెద్దది ఉన్నంతకాలం చిన్న మగది ఆడదానిలా పచ్చగా, అణిగిమణిగి ఉంటుంది. పెద్దది పోగానే రంగు మార్చి కుర్చీ ఎక్కుతుంది. మీరు ఆఫీసులో పనిచేస్తారు కదా, ఎప్పుడూ చూడలేదా?"

చూశాడు. డిపో మేనేజరు బదిలీ అయిన వారంలోనే అసిస్టెంటు మేనేజరుకి గొంతు మారడం ఆయన కళ్లారా చూశాడు. కానీ చేపలో చూస్తానని అనుకోలేదు. పోనీ మిగతావాటి పేర్లయినా సరిగ్గా చెప్పమన్నాడు. దుకాణదారు గోడ వారగా ఉన్న ఒక పెద్ద తొట్టి చూపించాడు. జతలు దొరకని చేపలు, ఎక్కువైన చేపలు, జనం తెచ్చి వదిలేసిన చేపలు అన్నీ అందులోనే ఉంటాయట. అవి అందులోనే కలుస్తాయి, అందులోనే పిల్లల్ని పెడతాయి. తల్లి ఎవరో తెలిస్తే తండ్రి ఎవరో తెలియదు. డాక్టరు వచ్చి రంగువి కావాలంటే ఆ తొట్టిలోంచే పట్టి ఇచ్చాడు.

"అంటే వీటికి పేరే లేదా?"

"లేకపోవడమేంటండీ. ఏ పేరు కావాలో చెప్పండి, కవరు మీద రాసిస్తాను."

గుర్తులాయన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. అవమానంగా ఉంది, కానీ చేపల వల్ల కాదు. తన కళ్ల ముందు తిన్నగా ఈదుతున్న చేపనే గుర్తుపట్టలేక, ఇంటిమనిషిని గుమ్మంలో నిలబెట్టి దొంగని చేశాడు. ఇన్నేళ్లలో ఒక్క వస్తువు కూడా తప్పు మనిషి చేతికి ఇవ్వలేదని ఆయన అందరికీ చెప్పుకునేవాడు. అసలు మనిషికి ఇవ్వకుండా ఎన్ని ఆపాడన్నది ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇల్లు దగ్గర పడుతున్నా దిగకుండా, బజారు దాకా వెళ్లి దిగాడు.

ఫోన్ల దుకాణంలో బావమరిది ఎవరికో ఫోన్ గాజు మారుస్తున్నాడు. తల ఎత్తి చూసి మళ్లీ దించుకున్నాడు. గుర్తులాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అద్దాల బీరువా పక్కన చిన్న తొట్టిలో హెడ్మాస్టరు ఉన్నాడు. ఒంటరిగా, తరమడానికి ఎవరూ లేక, గాజులో తన నీడనే చూస్తూ. నలుపు వెలిసిపోయి బూడిద రంగులోకి దిగాడు. తొట్టి మీద బావమరిది ఒక బోర్డు కూడా పెట్టాడు, 'ప్రపంచంలో అరుదైనది, చేయి పెట్టరాదు' అని.

ఆ ఫోన్ తాలూకు మనిషి వెళ్లాక గుర్తులాయన మొదలుపెట్టాడు. క్షమించమనే మాట ఆయనకి అలవాటు లేదు. చేపల దుకాణదారు చెప్పిందంతా మొదటినుంచీ చివరిదాకా వాంగ్మూలం ఇచ్చినట్టు చెప్పాడు. చివర్లో, "తప్పు నాదేరా. అన్నం తినకుండా వెళ్లావు. అది ఇంకా గుండెల్లో గుచ్చుకుంటోంది" అన్నాడు.

బావమరిది స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"తినకుండా వెళ్లలేదు బావా. పక్క సందులో తిన్నాను. కానీ అక్క వంట మిస్సయింది."

ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్లారు. ఆవిడ ఇద్దరికీ వడ్డించి, తాళం చెవి తమ్ముడి కంచం పక్కన పెట్టింది. భోజనాలయ్యాక గుర్తులాయన పాత బ్లేడు తెచ్చి గాజు మీది చీటీలు గీకేశాడు.

తెలిసిన నిజం నలుగురికీ చెప్పాలన్న పట్టుదల ఆయనకి ఇంకా మిగిలి ఉంది. గ్రూపులో వివరంగా రాశాడు. మన దగ్గరున్న చాలా చేపలు కలగాపులగం పుట్టుకవని, వాటికి ఫలానా అని పేరు చెప్పలేమని, కాబట్టి కొట్లాడుకోనక్కర్లేదని. రంగు పక్షం వాళ్లూ పళ్ల పక్షం వాళ్లూ అంతకుముందు ఏనాడూ ఒక మాట మీద నిలబడలేదు. ఇప్పుడు నిలబడ్డారు. మా చేపల పుట్టుకని అనుమానిస్తారా అని అందరూ కలిసి ఆయన మీద పడ్డారు. సాయంత్రానికల్లా గ్రూపు పెద్ద ఆయన్ని తీసేశాడు. కారణం కూడా తెలియజేశాడు, నిర్ధారణ కాని సమాచారం వ్యాప్తి చేసినందుకని.

కొన్నాళ్లకు లబోదిబో మేత ముట్టడం మానేసింది. గొంతు కింద వాపు వచ్చింది, రాతి చాటున నోరు బిగించుకుని నిలబడింది. గుర్తులాయన కంగారుపడి మళ్లీ చేపల దుకాణదారుకి ఫోన్ చేశాడు. అది రోగం కాదని, నోట్లో పిల్లలున్నాయని, ఈ జాతి తల్లులు గుడ్లని నోట్లోనే పెట్టుకుని పొదుగుతాయని, తిండి తినదు కాబట్టి బెదరగొట్టకుండా వేరే తొట్టిలో పెట్టమని ఆయన చెప్పాడు. బావమరిది పరుగున ప్లాస్టిక్ టబ్బు తెచ్చాడు. ముగ్గురూ కలిసి దాన్ని మెల్లగా మార్చారు. భార్య బడికి సెలవు పెట్టింది.

ఒక ఉదయం టబ్బులో తల్లి నోరు తెరిచింది. గోరంత కూడా లేని పిల్లలు పొగలా బయటికి వచ్చాయి. ఆయన వంగి లెక్కపెట్టబోయాడు, నీడ పడింది. తల్లి ఒక్క గుటకలో అన్నిటినీ మళ్లీ నోట్లోకి తీసుకుంది. తినేసిందేమోనని ఆయన టబ్బు మీదకి ఇంకా వంగాడు. ఆవిడ ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగి, మీరు పక్కకి జరగండి, అదే వదులుతుంది అంది. జరిగాడు. వదిలింది. పిల్లలన్నీ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. వీటి తండ్రి ఎవరై ఉంటారు అని ఆయన అనబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

పిల్లలు కాస్త ఎదిగాక బావమరిది కొన్నిటిని దుకాణానికి తీసుకెళ్లడానికి వచ్చాడు. కొత్త బోర్డుకి పేరు ఆలోచిస్తున్నానని, ఆఫ్రికా రతనాలు అంటే ఎలా ఉంటుందని అడిగాడు.

గుర్తులాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చివర ఒక 'స్' ఉండాలి. లేకపోతే ఎవరూ నమ్మరు."

బావమరిది ఫోనులో రతనాలిస్ అని కొట్టుకుని వెళ్లాడు. ఆ వారంలోనే రతనాలిస్ పిల్లలు కావాలని ముగ్గురు వచ్చి అడిగారట. నాలుగో ఆయన మాత్రం చాలాసేపు వంగి చూసి, తమ ఇంట్లో అసలైన రతనాలిస్ ఎప్పట్నుంచో ఉందని, ఇవి అంత మేలురకం కాదని చెప్పి వెళ్లిపోయాడట.